మంచులో పడ్డవాడు చావడు

మా క్లబ్బులో ఒక రూలుంది. బల్లమీద నిలబెట్టిన సీసపు సిపాయి పడిపోతే చచ్చినట్టే. ఎవరి చెయ్యి తగిలింది, ఎందుకు తగిలింది అన్న విచారణ ఉండదు. తీసి చచ్చినవాళ్ళ డబ్బాలో వెయ్యాల్సిందే.

ఆ రూలు పెట్టించింది విల్ఫ్ సగ్డెన్. దానికి కారకుడు బ్యారీ క్రౌథర్ అనే మహానుభావుడు. మనిషి మంచివాడే కానీ వాళ్ళావిడ అల్లిన ఉన్ని స్వెట్టర్ వేసుకొచ్చేవాడు. దాని చేతులు వదులుగా వేలాడుతుండేవి. బల్లమీదికి వంగినప్పుడల్లా సగం పటాలం ఆ చేతికి తగిలి పడేది. "అయ్యో, సారీ" అంటూ మళ్ళీ నిలబెట్టేవాడు. ఆ నిలబెట్టడంలోనే ఉండేది అసలు పనితనం. ప్రతిసారీ ఓ అంగుళం ముందుకు నిలబెట్టేవాడు. ఒకరోజు అలా పడుతూ లేస్తూ, పాచిక ముట్టుకోకుండానే బల్లమీది డాన్యూబ్ నది దాటేశాడు. అప్పుడు విల్ఫ్ లేచి, "ఇకమీదట పడ్డవాడు చచ్చినవాడే" అన్నాడు. ఒప్పుకుంటూ చెయ్యెత్తినవాళ్ళలో మొదటివాణ్ణి నేను.

నా పేరు క్లిఫర్డ్ హేగ్. హాలిఫాక్స్ ఊళ్ళో తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మాంసం కొట్లలో కాటాలు, పబ్బుల్లో బీరు గ్లాసులు, పెట్రోలు బంకుల్లో పంపులు సరిచూడటమే నా జీవితం. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. క్లబ్బులో నన్ను 'టేపు' అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే అంటారు. నాకేం కోపం లేదు. సిపాయి ఆరంగుళాలు నడవాలంటే ఆరంగుళాలే నడవాలి. ఆరున్నర నడిపించి "సుమారుగా ఆరే కదా" అనేవాళ్ళని చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది.

ప్రతి నెలా మొదటి శనివారం మెథడిస్టు చర్చి వెనక హాల్లో పింగ్‌పాంగ్ బల్లలు రెండు కలిపి, మేము నెపోలియన్ కాలపు యుద్ధాలు చేస్తాం. సైన్యాలు సీసపువి. ఒక్కో సిపాయి బొటనవేలంత ఉంటాడు. ఎంత దూరం నడవాలో టేపు చెబుతుంది. ఎవరు చావాలో పాచికలు చెబుతాయి. మిగిలినదంతా నేల చెబుతుంది. దున్నిన చేలో సగం వేగం. కంచె వెనక నక్కినవాడికి తూటా తగలడం కష్టం. కందకం దిగి ఎక్కడానికి ఆడే వంతు ఒకటి పోతుంది. కోటగోడకి గండి పడాలంటే ఫిరంగులు ఓపిగ్గా కొట్టాలి. బయటివాళ్ళకి ఇదంతా పిచ్చిలా ఉంటుంది. మా ఆవిడ నోరీన్‌కి కూడా పిచ్చిలాగే ఉంటుంది కానీ, శనివారం నేను ఇంట్లో ఉండనని ఆవిడ సంతోషం.

విల్ఫ్ పళ్ళసెట్లు చేసేవాడు. మా ఊళ్ళో సగంమంది వాడు చేసిన పళ్ళతోనే నవ్వుతారు. నా కిందివరస కూడా వాడి చేతి పనే. అదే చేత్తో బొటనవేలంత సిపాయి కోటుకి గుండీలు ఒక్కొక్కటే దిద్దేవాడు. మీసాలు దిద్దేవాడు. క్లబ్బులో ఉన్న కోట వాడే చేసిచ్చాడు. నక్షత్రం ఆకారంలో, బురుజులతో, గండి పడినప్పుడు తీసేసేందుకు ఊడివచ్చే గోడముక్కలతో, చెక్కమీద ఇటుక ఇటుకా గీసి. దాన్ని చూస్తే ఎవరికైనా లోపలికెళ్ళి కాపురం పెట్టాలనిపిస్తుంది.

ఆ చెయ్యే వాడికి అడ్డం తిరిగింది. మొదట చిన్న వణుకు. టీ కప్పు సాసర్‌లో టకటకమనేది. "చలిరా" అనేవాడు. ఆగస్టులో కూడా చలేనా అని నేను అడగలేదు. తర్వాత సిపాయిలు పడటం మొదలైంది. ఒకడు పడితే తీసి డబ్బాలో వేసేవాడు, పక్కవాడు పడితే వాణ్ణీ వేసేవాడు. వాడి ఆస్ట్రియన్ సైన్యాన్ని నా ఫ్రెంచివాళ్ళ తూటాలకంటే వాడి వేళ్ళే ఎక్కువ చంపుతున్నాయి.

ఏప్రిల్‌లో గొడవ బద్దలైంది. ఆస్ట్రియన్ గ్రెనేడియర్లు, వాడి ప్రాణంతో సమానమైన పటాలం. కొండమీదికి జరుపుతుంటే చెయ్యి ఒక్కసారి గట్టిగా వణికి, వరసంతా పడిపోయింది. మా కార్యదర్శి నెవిల్ బార్ట్‌లీ పక్కనే ఉన్నాడు. సిటీ బస్సు నడుపుతాడు. వెన్నలాంటి మనసు. అదే కొంప ముంచింది.

"పర్లేదు విల్ఫ్, నిలబెట్టేసుకో. నీకీ రూలు లేదులే" అన్నాడు.

విల్ఫ్ చెవులు ఎర్రబడ్డాయి. "నాకు లేదా?"

"అంటే, అందరికీ తెలుసు కదా నీ చెయ్యి..."

"రూలు పెట్టింది నేను. నాకు లేకపోతే ఇంకెవడికుంటుంది?"

పడ్డవాళ్ళందర్నీ ఏరి డబ్బాలో వేశాడు. టోపీ పెట్టుకున్నాడు, వెళ్ళిపోయాడు. మేలో రాలేదు. ఎండాకాలమంతా రాలేదు. నేను వాళ్ళింటికి వెళితే తోట గురించి మాట్లాడేవాడు. తోట గురించి! ఆ మనిషికి ఉల్లిమొక్కకీ గడ్డిమొక్కకీ తేడా తెలియదు.

నవంబరు చివర్లో ఫోన్ చేశాడు.

"క్లిఫ్, వచ్చే శనివారం నీతో ఒక ఆట ఆడతా. అదే ఆఖరు."

"ఆఖరేంట్రా?"

"చెయ్యి మాట వినట్లేదు. సైన్యం మొత్తం క్లబ్బుకిచ్చేస్తా. డబ్బాలన్నీ పట్టుకొస్తా. నెవిల్‌కి చెప్పు, బీరువాలో చోటు చెయ్యమని."

"నీ సైన్యం నెవిల్ చేతికిస్తే ఆస్ట్రియన్ల ప్యాంట్లకి పసుపు రంగు వేస్తాడు."

"వెయ్యనీ."

సిపాయి టోపీ మీది ఈక నలుపా, ఆకుపచ్చా అని ఒక చలికాలమంతా నాతో మాట్లాడటం మానేసినవాడు 'వెయ్యనీ' అంటున్నాడు.

ఫోన్ పెట్టేసి వంటింట్లో కూచున్నాను. నోరీన్ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"ఏమైంది, మొహం అలా పెట్టావ్?" అంది.

చెప్పాను.

"ఆ దిక్కుమాలిన రూలు తీసెయ్యొచ్చు కదా మీరందరూ కలిసి."

"తీసేస్తే వాడికోసమే తీశామని వాడికి తెలుస్తుంది. ఇంక గుమ్మం తొక్కడు."

"వాడొక్కడికీ వదిలెయ్యండి మరి."

"ఏప్రిల్‌లో నెవిల్ చేసింది అదే."

"అయితే నీకు వాడు కావాలా, రూలు కావాలా?"

"రెండూ కావాలి" అన్నాను. నోరీన్ నావైపు చూసిన చూపు చెప్పనక్కర్లేదు. కానీ నిజంగానే నాకు రెండూ కావాలి. విల్ఫ్ లేని క్లబ్బు నాకెందుకు? బల్లకి అవతల ఎవరు నిలబడాలి? నెవిల్‌తో ఆడితే ఏం సుఖం, ఏది అడిగినా సరేనంటాడు. నా టేపు లాక్కుని తన టేపుతో మళ్ళీ కొలిచేవాడు ఈ భూమ్మీద నాకు ఒక్కడే ఉన్నాడు.

రెండ్రోజుల తర్వాత పొద్దున్న గడపలో ధబ్బున చప్పుడైంది. తలుపు తీస్తే మా పాలవాడు మెట్లమీద వెల్లకిలా ఉన్నాడు. రాత్రి మంచు కురిసి మెట్లు గాజులా గట్టిపడ్డాయి.

"ఉప్పు చల్లుకుంటే సొమ్మేం పోతుంది మిస్టర్ హేగ్? చచ్చేవాణ్ణి!" అన్నాడు.

"చచ్చావా?"

"లేదు."

"పడ్డావు, కానీ చావలేదు. పడ్డచోటే లేచావు."

"నీకు పొద్దున్నే మందు అలవాటుందా?" అని పాలసీసాలు గుమ్మంలో పెట్టి, నడుం రుద్దుకుంటూ వెళ్ళాడు. నేను అక్కడే చలిలో నిలబడి నవ్వుకుంటున్నాను. మనిషి చేతికి రూలు పెట్టలేం. నేలకి పెట్టొచ్చు!

మా క్లబ్బులో పద్ధతి ఇది. ఇద్దరిలో ఒకడు నేల పరుస్తాడు. రెండోవాడు పక్షం ఎంచుకుంటాడు, దాడా, కాపలానా అని. నేల పరిచినవాడు తనకి లాభంగా పరచకుండా ఇది కట్టడి. ఆట మొదలయ్యే ముందు పరిచినవాడు బల్లచుట్టూ తిరుగుతూ నేల చెప్పాలి. ఈ వాగు ఎక్కడైనా దాటొచ్చు, ఈ తోటలో గుర్రాలు పోవు, ఇలా. కంటికి కనపడేది చెప్పాలి, చెప్పింది కంటికి కనపడాలి. రెండోవాడికి అభ్యంతరం ఉంటే మొదటి పాచిక పడకముందే అడగాలి. పాచిక పడ్డాక చెప్పిందే చట్టం.

ఈసారి నేల పరిచే వంతు నాది.

శనివారం పొద్దున్నే హాలుకి వెళ్ళాను. చర్చివాళ్ళ పాటల పుస్తకాలు దొంతరలుగా పెట్టి కొండలు చేశాను. వాటిమీద నోరీన్ ఇచ్చిన తెల్లదుప్పట్లు పరిచాను. చెట్లమీద వంటసోడా చల్లాను. బల్ల ఈ చివర నుంచి ఆ చివరదాకా తెల్లగా మంచు. మధ్యలో విల్ఫ్ చేసిన కోట పెట్టాను. కోటకోసం కూడా ఓ ప్లాను వేసుకున్నాను. మా రూళ్ళలో కోటలోపలి దండుని బల్లమీద నిలబెట్టరు, పళ్ళెంలో పక్కన ఉంచుతారు. కాపలాదారుడు నోటితో చెబితే చాలు. విల్ఫ్ ఎప్పుడూ కోట పక్షమే తీసుకుంటాడు, తను కట్టిన కోట కదా. తీసుకుంటే వాడి చెయ్యి సిపాయిని తాకాల్సిన పనే అంతగా ఉండదు. తాకినా మంచుంది.

సోడా డబ్బా పట్టుకుని కోట దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా చెయ్యి ఆగిపోయింది. ఆ ఇటుకల సందుల్లో సోడా ఇరుక్కుంటే మళ్ళీ రాదు. రంగు పాడవుతుంది. వాడు ఎన్ని నెలలు కూచుని గీశాడో నాకు తెలుసు. కోటని అలాగే వదిలేశాను.

విల్ఫ్ వచ్చాడు. వెనకాల నెవిల్, రెండు చేతులా డబ్బాలు మోసుకుంటూ. అన్నీ తెచ్చాడు. పాత బూట్ల డబ్బాలు, ఒక్కోదానిమీద పటాలం పేరు. నెవిల్ వాటిలో కొన్ని బీరువా పక్కన పేర్చాడు. ఎవడి శవాన్నో మోసుకొచ్చినట్టు వాడి మొహం.

విల్ఫ్ బల్లని చూసి ఆగిపోయాడు. "ఇదేంటి, లాండ్రీనా?"

"మంచు. డిసెంబరు కదా."

"నేల చెప్పు."

బల్లచుట్టూ తిరుగుతూ చెప్పాను. కొండలెక్కడానికి సగం వేగం. వాగు గడ్డకట్టింది, గుర్రాలు దాటొచ్చు, ఫిరంగులు దాటకూడదు. కందకంలో ఒక వంతు ఆగాలి. కోట ఎప్పటిలాగే, దాడి చేసేవాడు ద్వారం పక్క బురుజుమీద తన చేత్తో జెండా సిపాయిని నిలబెట్టాలి, ఆ వంతు ముగిసేదాకా వాడు నిలబడి ఉంటే కోట పడినట్టు. ఈ రూలు కూడా విల్ఫ్‌దే. కోట పడటం లాంటి పెద్ద విషయం పాచికలకి వదలకూడదంటాడు.

చివర్న దుప్పటిమీద వేలు పెట్టి చెప్పాను. "మంచుమీద పడ్డవాడు చచ్చినట్టు కాదు. జారినట్టు. పడ్డచోటే లేపి నిలబెట్టాలి. వెంట్రుకవాసి కూడా ముందుకు జరపకూడదు."

హాల్లో అందరూ బూట్లు చూసుకుంటున్నారు. విల్ఫ్ నన్నే చూస్తున్నాడు.

"ఇదెక్కడి రూలు?"

"నేల రూలు. బురదకి రూలుంది, వాగుకి రూలుంది. మంచుకెందుకు ఉండకూడదు? మొన్న మా గుమ్మంలో పాలవాడు పడ్డాడు. లేచి నన్ను తిట్టి వెళ్ళాడు."

"పాలవాడి మీద ఎవడూ ఫిరంగులు పేల్చట్లేదు కదరా."

"ఫిరంగి తగిలితే చచ్చినట్టే. జారితే మాత్రం జారినట్టు."

"గుర్రాలకో?"

"గుర్రాలకీ అంతే."

"గుర్రం పడితే కాలు విరగదూ? రౌతు బతికాడనుకో, గుర్రానికి ఒక వంతు కదలిక ఉండకూడదు."

"సరే, ఒక వంతు."

"నీ ఫ్రెంచి వాళ్ళకో?"

"ఇద్దరికీ. నేలకి పక్షపాతం ఉండదు."

వాడికి అంతా అర్థమైందని నాకు తెలుసు. పళ్ళసెట్టు ఎంత బాగా చేసినా అది పెట్టుడుపళ్ళేనని చేసినవాడికి తెలియదా? టోపీ తీసుకుని వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. వాడు బల్లమీదికి వంగి, కోటని దగ్గర్నుంచి చూశాడు.

"కోటలో మంచేదీ?"

"అంటే... కోటలో కూడా..."

"కనపడట్లేదు. కనపడనిది బల్లమీద లేదు. నువ్వే కదా జనం చెవులు చిల్లులు పడేలా చెబుతావు."

"రంగు పాడవుతుందని చల్లలేదురా."

"మంచిపని చేశావు. చల్లుంటే నిన్ను చంపేవాణ్ణి." వేలు కోటవైపు చూపించాడు. ఆ వేలు వణుకుతోంది. "కోట లోపల, గోడలమీద మంచు లేదు. అక్కడ పాత రూలు. పడ్డవాడు చచ్చినవాడే. ఒప్పుకుంటావా?"

ఒప్పుకోక ఏం చెయ్యను? నా పద్ధతిలో నన్నే పట్టుకున్నాడు.

"ఒప్పుకున్నా. అయితే నువ్వు కోటలో..."

"ఎవడన్నాడు? దాడి నాది" అన్నాడు విల్ఫ్. "కోటలో నువ్వు కూచో."

నా ప్లానంతా గంగలో కలిసింది. తెల్లకోట్ల ఆస్ట్రియన్ సైన్యం మొత్తం ఆ వణికే చేతులమీదుగా తెల్లటి బల్లంతా దాటి, కందకం దిగి, నా కోట ఎక్కాలి! మొదటి పాచిక వాడే వేశాడు. ఇక చెప్పిందే చట్టం.

మొదటి వంతులోనే ముందువరస పడిపోయింది. విల్ఫ్ చెయ్యి అలవాటుగా డబ్బావైపు వెళ్ళింది. మధ్యలో ఆగింది. ఒక్కొక్కణ్ణే లేపి నిలబెట్టాడు. మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు.

తర్వాత నా వంతు. నా గుర్రపుదండు కోటబయట కొండమీద ఉంది. ఠీవిగా ముందుకి నడిపి చెయ్యి తీశానో లేదో, మొత్తం దండు జర్రున జారి కొండ కిందికొచ్చి పడింది. మళ్ళీ నిలబెట్టాను. మళ్ళీ జారింది. దుప్పటిని వేలితో తడిమి చూశాను. అది దుప్పటి కాదు, గచ్చు. ఫెళఫెళలాడుతోంది. నోరీన్ గంజిపెట్టి ఇస్త్రీ చేసింది!

"ఏమైంది టేపూ, చలేస్తోందా?" అన్నాడు విల్ఫ్.

"నోర్ముయ్" అన్నాను.

"ఒక వంతు కదలిక లేదు. గుర్రాలు పడ్డాయి."

"తెలుసు!"

అక్కణ్ణుంచి చూడాలి వినోదం. నా చెయ్యి రాయిలా నిలకడగా ఉంటుందని నాకో గర్వం. ఆ గంజిదుప్పటి మీద దానికి పూచికపుల్ల విలువ లేదు. పుస్తకాల కొండమీంచి నా ఫ్రెంచివాళ్ళు పిల్లలు జారుడుబల్ల ఎక్కినట్టు జారుతున్నారు. విల్ఫ్ వాళ్ళు పడితే ఇంకో చిక్కు. తెల్లకోట్లు, తెల్ల దుప్పటి. పడ్డవాడు కనపడడు. నెవిల్ కళ్ళద్దాలు పెట్టుకుని, వంగి వేళ్ళతో తడుముతూ, "ఇక్కడొకడున్నాడు, బతికే ఉన్నాడు!" అని అరిస్తే హాలంతా నవ్వులు. విల్ఫ్ కూడా నవ్వాడు. వాడే చేసిన పళ్ళు నాకు, దేవుడిచ్చిన పళ్ళు వాడికి, ఇద్దరం వాటిని బయటపెట్టి పగలబడి నవ్వుతున్నాం. ఏప్రిల్ తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదటిసారి.

టీ వేళకి వాడు నా టేపు లాక్కున్నాడు. "ఇది సాగింది. నా టేపుతో కొలుస్తా" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అల్లం కేకు తిని మళ్ళీ మొదలుపెట్టాం. వాడి ఫిరంగులు గోడని కొడుతూనే ఉన్నాయి, పాచికలు వాడి పక్షాన పడుతున్నాయి. ద్వారానికి ఎడమపక్క గోడముక్క తీసెయ్యాల్సి వచ్చింది. గండి పడింది. గ్రెనేడియర్లు కందకంలోకి దిగారు, ఆగారు, ఎక్కారు. నా దండు గండిలో నిలబడి కొట్లాడింది. పాచికలు నన్ను ముంచాయి. నావాళ్ళు వెనక్కి తగ్గారు. బురుజు ఖాళీ అయింది.

హాలు తలుపు తోసుకుని పిల్లల డాన్సు క్లాసు టీచరమ్మ వచ్చింది. పియానో మూత తీసి, మావైపు చేతివాచీ చూపించింది.

"ఇదే ఆఖరి వంతు" అన్నాడు నెవిల్.

విల్ఫ్ జెండా సిపాయిని రెండువేళ్ళతో తీశాడు. పసుపు జెండా, మధ్యలో నల్లడేగ, దాని రెక్కల్లో ఈక ఈకా కనిపిస్తుంది. చెయ్యి బాగున్న రోజుల్లో చేసింది. బురుజుమీద చోటు తపాలాబిళ్ళంత ఉంటుంది. వాడి చెయ్యి దాని పైకి వచ్చింది.

నా నోటిదాకా వచ్చింది. 'పోనీలేరా, కోటమీద కూడా మంచు కురిసిందనుకుందాం' అని. నిజంగా అనాలనిపించింది. వాడు గెలిస్తే నాకేం పోతుంది? నెవిల్ నావైపు బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు. కానీ అలా అంటే ఆ జెండా వాడిది కాదు, నేను జాలిపడి పెట్టింది అవుతుంది. నాకు వాడంటే ఎంతిష్టమో చెప్పడానికి ఆ క్షణంలో నా దగ్గర ఒకే మాట ఉంది.

"విల్ఫ్, అక్కడ మంచు లేదు. పడితే చచ్చినట్టే" అన్నాను.

"నాకు కళ్ళున్నాయిలేరా. రోగం చేతులకే."

మణికట్టుని గోడ అంచుమీద ఆనించాడు, తన గోడే కదా, దాని బలం వాడికి తెలుసు. సిపాయిని దించాడు. సిపాయి కుడికి ఒరిగాడు, ఎడమకి ఒరిగాడు, నిలబడ్డాడు. విల్ఫ్ వేళ్ళు వదిలాడు. జెండా బురుజుమీద నిలబడి ఉంది. నెవిల్ చప్పట్లు కొట్టబోయాడు, నేను వాడి చెయ్యి పట్టుకుని ఆపాను.

విల్ఫ్ చెయ్యి వెనక్కి తీస్తుంటే చిటికెనవేలు జెండా కొసకి తగిలింది.

సిపాయి కోటలోపల పడ్డాడు. చెక్కమీద టక్కుమని చిన్న చప్పుడు.

విల్ఫ్ వంగి కోటలోపలికి చూశాడు. చాలా శ్రద్ధగా చూశాడు.

"చచ్చాడు" అన్నాడు.

తీయడానికి నెవిల్ చెయ్యి చాపితే తోసేశాడు. తనే వేళ్ళు పెట్టి, ఒకసారి జారిపోతే మళ్ళీ పట్టుకుని, తీసి డబ్బాలో వేశాడు. నావైపు తిరిగాడు.

"కోట నీదే. నువ్వు గెలిచావు."

"గెలిచాను."

"చిటికెనవేలు తేడాతో."

"తేడా తేడాయే."

"నీ మొహం. గుర్రాల్ని కొండమీద పెడతాడా ఎవడైనా మంచులో? బుద్ధున్నవాడెవడైనా పెడతాడా?" వాడికి నిజంగానే కోపం వచ్చింది. ఓడిపోయిన కోపం, మంచి ఆరోగ్యకరమైన కోపం. "ఆ గండి నేను కుడిపక్క పడగొట్టుంటే ఇంకో వంతు ముందే ఎక్కేవాణ్ణి. నాదే పొరపాటు. కుడిపక్క గోడ బలహీనంగా నేనే కట్టి, నేనే..." గొణుక్కుంటూ సిపాయిల్ని డబ్బాల్లో సర్దుతున్నాడు.

నెవిల్ రెండు డబ్బాలెత్తి బీరువావైపు నడిచాడు.

"ఏయ్, ఎక్కడికి?" అన్నాడు విల్ఫ్.

"బీరువాలోకి. నువ్వే కదా క్లబ్బుకిచ్చేస్తానని..."

"నా కారులో పెట్టు. అవన్నీ కూడా. జనవరిలో నేల పరిచే వంతు నాది."

నెవిల్ నోరు తెరుచుకుని నన్ను చూశాడు. నేను దుప్పటి మడతపెడుతున్నట్టు తల దించుకున్నాను. నా కళ్ళలో వంటసోడా పడింది. అలా అనే చెప్పాను అడిగినవాళ్ళకి.

"నోరీన్ దగ్గర ఇంకో దుప్పటుంది. కావాలంటే కోటమీద వేసుకునేందుకు చిన్న గుడ్డ కూడా కత్తిరించి..." అన్నాను.

"మంచొద్దు."

"జనవరిరా."

"ఇక్కడ జనవరి. బల్లమీద జూలై. గోధుమ కోసేసిన చేలు. ఎండకి గట్టిపడ్డ నేల."

"గట్టినేలమీద పడితే..."

"చస్తారు. చావనీ. సిపాయిలన్నాక చావరా?" అని టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "దుప్పటికి గంజి పెట్టమని నువ్వే చెప్పావా?"

"లేదు. నేను మామూలు దుప్పటే అడిగాను."

"అనుకున్నా. నీకంత తెలివెక్కడిది. నోరీన్‌కి థాంక్స్ చెప్పు."

ఇంటికెళ్ళి చెప్పాను. నోరీన్ దుప్పటి మీద సోడా దులుపుతూ, "నీ చెయ్యి కూడా కాస్త వణికితే బాగుంటుందనిపించింది" అంది.

జనవరిలో విల్ఫ్ పసుపుపచ్చటి చేలు పరిచాడు. నేల చెప్పాడు. నేను దాడి ఎంచుకున్నాను. టీ వేళకి వాడి సైన్యం సగం డబ్బాలో ఉంది, వాళ్ళలో ఎక్కువమందిని వాడి వేళ్ళే పడగొట్టాయి. ఒక్కణ్ణి కూడా నేను వదిలిపెట్టలేదు. ఫిబ్రవరిలో విల్ఫ్ మళ్ళీ వచ్చాడు.